మొదటి పేరు

ఉరవకొండలో మిద్దె మీద, సిగ్నల్ దొరికే మూలన ఆమె లాప్‌టాప్ మూసేసరికి మొగుడు మెట్లెక్కి వచ్చినాడు. ఆమె ఒళ్లో విత్తనానికి ఒలవాల్సిన చెనక్కాయలు ఇంకా మిగిలే ఉన్నాయి.

"సోమవారం నుంచి బెంగళూరు ఆఫీసుకు పోతాండా."

"ఏం కంపెనీనో! నాలుగేండ్లు ఈడ్నించి జరిగిన పని ఇప్పుడు జరగదా?"

"బాగానే జరిగింది. మీటింగు వింటానే మూడు మూటలు ఒలిచినా. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోనే ఎనుముకు గడ్డేసినా."

"ఇంట్లోనే ఉండావు కదా, ఆ మాత్రం చేస్తే అరిగిపోతావా?"

నాలుగేండ్లుగా వింటున్న మాటే. ఆమె ఒళ్లోని కాయలను చేటలోకి దులిపేసింది.

"మీ మేనేజరు నంబరియ్యి. నిన్నెట్ల రమ్మంటాడో నేను అడుగుతా."

"ఆయప్ప రమ్మనలేదు. ఇష్టమున్నోళ్లను పేరియ్యమన్నాడు. మొదటి పేరు నాదే."