చదివి చెప్పిన రూలు

ఆఫీసు మూసే వేళ గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్‌ని, అదే ఆఫీసులో ఊడ్చే అతని అక్క నిలదీసింది.

"ఆ చూపులేనావిడని కుక్కతో లోపలికి ఎందుకు పంపలేదురా?"

"సూపరింటెండెంటు గారు వద్దన్నారక్కా. కుక్క బొచ్చంటే ఆయనకి రోత."

"దారి చూపే కుక్కని ఆపకూడదని గోడ మీద కాగితం ఉందిగా. పొద్దున నువ్వేగా అంటించావు?"

"నేనే."

"మరి ఆవిడ అడగలేదా?"

"అడిగింది. రూల్లో ఏముందో కాస్త చదివి చెప్పు బాబూ, అంది."

"చదివావా?"

"జంతువుల్ని లోపలికి రానివ్వకూడదని ఉందమ్మా, అన్నాను."

"ఛీ. కళ్ళు లేని మనిషికి, లేని మాట చదివి వినిపించావా? నోరెలా వచ్చిందిరా నీకు?"

"ఉద్యోగం ఊడుతుందని భయమేసింది. కుక్కని ఇక్కడ కట్టించాను. ఆవిడ గోడ తడుముకుంటూ మెట్లెక్కుతూ పడిపోయింది. మోకాలు చిట్లింది."

"ఆ నెత్తురు తుడిచింది నేనే. ఎవరిదో అనుకున్నాను. వెళ్ళేటప్పుడు తిట్టిందా?"

"తిట్టినా బాగుండేది. చదివి చెప్పినందుకు థాంక్స్ బాబూ, రేపు కుక్కని ఇంట్లో వదిలేసి వస్తాను, అంది."

"ఆవిడ ఫోన్ నంబరుందా?"

"రిజిస్టర్లో ఉంది."

"ఇప్పుడే చెయ్యి. ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదువు. నేనిక్కడే నించుని వింటాను."