షేర్ల మాస్టారు

దర్జీ కొట్టు. పగలు పదకొండు. తండ్రి మిషను ముందు, కూతురు ఎదుటి స్టూలు మీద.

“ముందు ఆ సూదిలో దారం ఎక్కించు. తర్వాత తిడుదువుగాని.”

“ఇదిగో. వచ్చిన దగ్గర్నుంచి ఇది మూడోసారి. కంటి డాక్టరు పన్నెండింటికి రమ్మన్నాడు. ఆ షేర్లు అమ్మెయ్ నాన్నా. ఇప్పుడమ్మితే ఆపరేషన్‌కైనా సరిపోతాయి.”

“అమ్ముతా, అమ్ముతా. కొన్న ధరకి రానీ.”

“కొన్న ధర ఎంత?”

“ఎన్నోసారి కొన్నది? నాలుగుసార్లు కొన్నాగా.”

“నాలుగా? రెండే అన్నావు.”

“రెండు మీ అమ్మకి చెప్పినవి. మొదట నూట ఎనభైకి కొన్నా. నూట నలభైకి పడితే, గుడ్డ తాను చవగ్గా దొరికినట్టే కదా అని ఇంకొంచెం. వందకి పడితే ఇంకొంచెం. డెబ్భైకి పడితే... గుడ్డయితే కనీసం చొక్కా అయినా కుట్టుకునేవాణ్ణి.”

“ఇప్పుడెంతో తెలుసా?”

“ఫోన్లో ఆ అంకెలు నాకు కనపడవు. అదీ ఒకందుకు మంచిదే.”

“పంతొమ్మిది.”

“నిన్న ఇరవై ఒకటని పక్క కొట్టాయన...”

“నాన్నా.”

“నవ్వొస్తుందే నన్ను తల్చుకుంటే. ఫోన్ కెమెరాతో కొలతలు తీసి, చొక్కా కుట్టి ఇంటికి పంపే కంపెనీ మీది. అది నిలబడితే నా టేపు మూలపడుతుంది. దర్జీలందరూ దాన్ని తిట్టుకుంటుంటే, నేను పోయి డబ్బు పెట్టా. కూర్చున్న కొమ్మని నరకడానికి గొడ్డలి నేనే కొనిచ్చా. ఆ గొడ్డలి కూడా మొద్దుదే.”

“వీధిలో నిన్నేమంటున్నారో తెలుసా?”

“షేర్ల మాస్టారు. మొదట్లో మర్యాదగానే అనేవాళ్లులే.”

“ఈ చొక్కాల కుప్పేంటి?”

“సరిచెయ్యడానికి వచ్చినవి. అన్నీ మీ కంపెనీ పంపినవే. ఈ చెయ్యి చూడు, దానికీ దీనికీ జానెడు తేడా. షేరు పడేకొద్దీ నాకు బేరం పెరుగుతోంది.”

“ఇవన్నీ కళ్లారా చూస్తూ కూడా...”

“ఒంటికంటితో చూస్తూ అను. ఈ చొక్కాలు తెచ్చినవాళ్లకి నేనేం చెబుతున్నానో తెలుసా? ‘కొలత సరిగ్గానే ఉంది సార్, మీరే సన్నబడ్డారు’ అంటున్నా. ఒకాయన పొంగిపోయి ఇంకో రెండు చొక్కాలకి ఆర్డరిచ్చాడు.”

“నీకా?”

“కంపెనీకి.”

“అయ్యో నాన్నా.”

“ముప్ఫై ఏళ్లలో కొలత విషయంలో ఎవరికీ అబద్ధం చెప్పలేదు. ఈ వయసులో మొదలుపెట్టా.”

“ఎందుకిదంతా? లాభం కోసమే అయితే ఎప్పుడో వదిలించుకునేవాడివి. నిజం చెప్పు.”

“ఇవాళ ఆఫీసు లేదా నీకు?”

“సెలవు పెట్టా.”

“మంగళవారం కూడా సెలవే అన్నావు.”

“మాట మార్చకు నాన్నా.”

“ఏం చెప్పమంటావే. నువ్వు చేరిన రోజున నీ బల్లా కుర్చీ ఫోటో తీసి పంపావు చూడు, ఆరోజే మొదటిసారి కొన్నా. ఇప్పుడు అందరూ అమ్ముకుంటున్నారని నేనూ అమ్ముకుంటే, మునిగే పడవలో కూతుర్ని వదిలేసి నేనొక్కణ్ణీ గట్టెక్కినట్టు కాదూ? కన్నుదేముంది, రెండోది పనిచేస్తోందిగా. నువ్వక్కడ ఉన్నన్నాళ్లూ నేనూ ఉంటా. నువ్వు బయటికొచ్చిన రోజు చెప్పు, ఆరోజే అమ్మేస్తా... ఏంటి, అలా అయిపోయావు? సూది గుచ్చుకుందా?”

“లేదు.”

“అయితే లే, ఈ కోటు వేసుకుని చూడు. మీటింగుకి కావాలన్నావుగా. ఎప్పుడది?”

“రేపు. మీటింగు కాదు.”

“మరి?”

“ఇంటర్వ్యూ. నన్ను తీసేసి నాలుగు నెలలైంది నాన్నా.”

“...నాలుగు నెలలా?”

“పొద్దున్నే తయారై లైబ్రరీకి పోతున్నా. నీకు తెలిస్తే హడలిపోయి నష్టానికి అమ్మేస్తావని భయపడ్డా. ధర కాస్త కోలుకోనీ, అప్పుడు చెబుదామని... అది కోలుకోలేదు. ఈలోగా నీ కన్ను పోతోంది.”

“నిన్ను తీసేసిన రోజు ధరెంత?”

“డెబ్భై.”

“డెబ్భై. ఆవేళ నీ గొంతు ఫోన్లో ఎలాగో ఉంది. ఆఫీసులో ఏదో కష్టంలో ఉన్నావనుకుని, మన తరఫున ధైర్యం చెప్పినట్టుంటుందని నాలుగోసారి కొన్నా.”

“నాన్నా...”

“ఏడవకు, కోటు మీద పడతాయి. ఇదిగో నా ఫోను. కొనే బటన్ అయితే చీకట్లోనైనా నొక్కగలను. అమ్మేది ఎక్కడుందో చూసి నువ్వే నొక్కు తల్లీ, నాకు కనపడదు.”