వడ్లగదిలో సన్నాయి

కోల్డ్ స్టోరేజీ చెంచురామయ్య ఉన్నాడే, ఆయనకి పాటలు వినాలని బుద్ధి పుట్టిందంట. పుట్టింది పుట్టినట్టు ఒక రేడియో కొనుక్కుంటే ఈ కథే లేదు. ఏమైందంటే, బస్తీలో వియ్యంకుడి ఇంట్లో మనిషి నడుమెత్తు స్పీకర్లు చూసొచ్చాడు. ఇక ఈయన ఇంట్లో నిలువెత్తువి ఉండాలి. పాట సంగతి తర్వాత, ఎత్తు సంగతి ముందు. కబురు పెడితే బస్తీ నుంచి స్పీకర్లు అమ్మే కొట్టాయన వచ్చాడు, ఇస్త్రీ నలగని చొక్కా వేసుకుని. ఆయన చెప్పిందేందంటే, ఇప్పుడు పాటలన్నీ కంప్యూటర్లో అంకెలుగా ఉంటాయంట, ఆ అంకెల్ని మళ్ళీ పాటగా మార్చడానికి ఒక పెట్టె కావాలంట, ఆ పాటకి బలం ఇవ్వడానికి ఆంప్లిఫయరు ఇంకో పెట్టె, ఈ రెంటికీ కరెంటు కడిగి పంపడానికి మూడో పెట్టె. కరెంటు కడగడమేందయ్యా అని ఒక్కడు అడగలా. అడిగితే తెలియనోడు అనుకుంటారని భయం. వైర్లు చూడాలి మీరు, మణికట్టంత లావు, పైన గుడ్డ తొడుగు, పాముకి చొక్కా వేసినట్టు. "వైరుకి కూడా దిక్కు ఉంటది సార్, ఈ బాణం గుర్తు అటే ఉండాలి" అన్నాడంట కొట్టాయన. దిక్కు అనే మాట చెవిన పడిందో లేదో, చెంచురామయ్య లేచి నిలబడ్డాడు. వాస్తు సిద్ధాంతిని పిలిపించండ్రా అన్నాడు.

సిద్ధాంతి వచ్చి స్పీకర్ని ఎత్తబోయాడు, లేవలా. "ఇంత బరువు నైరుతి మూలన తప్ప ఉండకూడదు" అన్నాడు. సరే రెండూ నైరుతిలోనే పెడదాం అన్నాడు కొట్టాయన. "జంట బరువు ఒకే మూల నిలబెడితే ఇంట్లో రెండో పెత్తనం పుడుతుంది" అన్నాడు సిద్ధాంతి. చెంచురామయ్యకి ఆ ఒక్క మాట చాలు. మరి ఎట్లా? సిద్ధాంతే దారి చెప్పాడు. ప్రతి గదికీ ఒక నైరుతి ఉంటదిగా, కుడి స్పీకరు హాలు నైరుతిలో పెట్టండి, ఎడమది గోడ అవతల వడ్లగది నైరుతిలో పెట్టండి అన్నాడు. ఏమ్మా నాగరత్నం, వాళ్ళ వడ్లగది నువ్వు చూశావుగా, ఎలుకలు తప్ప ఎవరన్నా పోతారా అందులోకి? కొట్టాయనకి తెలుసు, రెండూ ఎదురుగా ఉంటేనే పాట పాటని. తెలిసి ఏమన్నాడనుకున్నారు? "భేషుగ్గా ఉంటది సార్, శబ్దం ఇల్లంతా పరుచుకుంటది. కాకపోతే వైరు ఎక్కువ పడుతుంది" అన్నాడు. గోడకి బెజ్జం కొట్టారు, పాముని అందులో దూర్చారు, వడ్లగది తలుపు మూశారు. అయిపోయింది.

ఇప్పుడు ఊళ్ళోవాళ్ళకి వినిపించాలి కదా. ఏం వినిపించాలి? చెంచురామయ్య కూతురి పెళ్ళిలో మన సన్నాయి అన్నదమ్ములు వాయించారు, గుర్తుందా, సిలార్ సాయిబూ నాగూర్ సాయిబూ. అప్పుడు మైకు కుర్రాళ్ళు ఒక్కో సన్నాయికి ఒక్కో మైకు పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించారు. అన్న సిలార్ సన్నాయి ఎడమ పక్క, తమ్ముడిదీ ఆయన పక్కనున్న డోలూ కుడి పక్క. ఆ పెళ్ళయిన ఏడాదికి సిలార్ సాయిబు పోయాడు. ఆయన భార్య మస్తాన్‌బీ మన మసీదు వెనక ఉంటది. ఆమె సంగతి వినండి. ముప్పూటలా ఆయన సాధకం విన్నది. సాధకం అంటే ఏందనుకున్నారు, ఒక్క ముక్కే పట్టుకుని తిప్పడం, ఆపడం, మళ్ళీ తిప్పడం. పెళ్ళిపందిట్లో రాగం ఎత్తుకుని నిండుగా నడిపించి దించుతాడే, అది ఆమె ఒక్కసారి కూడా వినలా. వాయించేవాళ్ళ ఆడవాళ్ళు పందిట్లోకి రారు, వాళ్ళ ఇళ్ళల్లో అది ఆచారం. చెంచురామయ్య ఆమెకి కబురు పంపాడు, "మీ ఆయన్ని బతికొచ్చినట్టు వినిపిస్తా రా బీబమ్మా" అని. ఊరందరికీ కూడా చెప్పాడనుకో. ఆమె ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక హాలు నిండింది. హెడ్మాష్టారు, మాజీ ప్రెసిడెంటు, కొట్టాయన, అందరూ. మీట నొక్కారు. డోలు దబదబా పడింది. తర్వాత చాలాసేపు డోలే. మధ్యమధ్య సన్నాయి ఒక ముక్క అందుకుంటది, ఆగిపోద్ది. వెనకెక్కడో గోడ అవతల నుంచి వచ్చినట్టు సన్నగా ఏదో వినపడతా ఉంది. "అది డెప్తు సార్, మామూలు సెట్లలో రాదు" అన్నాడు కొట్టాయన. "ఆహా, ఏం డెప్తు" అన్నాడు హెడ్మాష్టారు కళ్ళు మూసుకుని. మస్తాన్‌బీ అటూ ఇటూ చూసి, "ఆయనేడీ బాబుగారూ?" అంది. "అదే కదమ్మా వాయిస్తుంది, వినపడటంలా?" "ఇది మా మరిది బాబుగారూ. అన్న దించినాక అందుకోవడమే ఈయన పని. మరి ఎత్తుకున్నదెవరు?" అంది. మాజీ ప్రెసిడెంటు నవ్వాడంట, "పెద్దదానివైపోయావు బీబమ్మా, చెవులు చూపించుకో" అని. అంత ఖరీదు పెట్టినోళ్ళ ముందు చెవే తప్పవుద్ది గానీ వస్తువు తప్పవదు కదా.  ఆమె మంచినీళ్ళు తాగొస్తానని లేచి నడవాలోకి పోయింది.

అక్కడ ఆగిపోయింది. మూసిన వడ్లగది తలుపు అవతల ఉన్నాడాయన. గొళ్ళెం తీసింది. బస్తాల మధ్య, ఊక దుమ్ములో, మనిషంత స్పీకరు నిలబడి ఉంది, దాంట్లో సిలార్ సాయిబు రాగం పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు. తిప్పి ఆపడం లేదు, మళ్ళీ మొదలెట్టడం లేదు. ఆమె వడ్ల బస్తా మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎంతకీ రాకపోతే చెంచురామయ్య వెతుక్కుంటా వచ్చాడు, వెనకే హాలంతా వచ్చింది. "ఇక్కడ ఎలుకల్లో ఏం చేస్తున్నావమ్మా, హాల్లో మెత్త కుర్చీ వేయిస్తే! ఇది బరువు కోసం పెట్టింది, వినడానికి కాదు" అన్నాడు. ఎప్పుడూ బాబుగారూ అనే మనిషి, చెయ్యి అడ్డం పెట్టి, "ఉండు నాయనా, ఆయనింకా దించలేదు" అంది.

దించేదాకా వాళ్ళంతా గుమ్మంలో నిలబడాల్సి వచ్చింది. అప్పటికన్నా స్పీకరు హాల్లోకి తెచ్చాడా అంటారా? తేలేదు, రెండో పెత్తనం భయం. మస్తాన్‌బీ మాత్రం ఇప్పటికీ శుక్రవారం నమాజు వేళ దాటాక పెరటి గుమ్మంలోంచి తిన్నగా వడ్లగదిలోకి పోద్ది, చెంచురామయ్య భార్య మీట నొక్కుద్ది. మీట నొక్కితే రెండూ మోగుతాయిగా, చెంచురామయ్య హాల్లో కూర్చుని డోలు వింటాడు. ఆమెకి వినడం చేతకాదని అందరికీ చెప్తన్నాడంట. చెప్పుకోనీండి. అంత ఖరీదైన సెట్టుకి ఆ ఇంట్లో ఒక మనిషీ నాలుగు ఎలుకలూ న్యాయం చేస్తున్నారు, అదన్నా మేలే.