కోళ్లనెవరు చూస్తారు?

పాడేరు వెళ్లే మా సర్వీసు జీపు పెదబయలు దాటాక టైరు మార్చుకోవడానికి ఆగింది. రోడ్డు పక్క ఇంటి అరుగు మీద ఒక నిండు గర్భిణి, యూనివర్సిటీ నుంచి సర్వేకి వచ్చిన ఓ అమ్మాయి మాట్లాడుకుంటున్నారు.

“అక్కా, కాన్పుకి ముందే పాడేరు ఆస్పత్రి పక్కన గర్భిణుల హాస్టల్లో చేరిపో. వానొస్తే వాగు దాటలేవు.”

“నాను రాను. అయినా నువ్వు డాక్టరమ్మవా?”

“కాదు. సామాజిక ఆరోగ్యం చదువుతున్నాను.”

“సూదెయ్యవు, మందియ్యవు. మరేటి సేత్తావు?”

“జనం ఆస్పత్రికి ఎందుకు రావట్లేదో అడుగుతాను.”

“అడిగితే జీతమిత్తారా?”

“చదువయ్యాక ఇస్తారు. జిల్లా ఆఫీసుల్లో, స్వచ్ఛంద సంస్థల్లో ఉద్యోగాలున్నాయి.”

“బాగుంది! మా అత్త ఊరందర్నీ ఊరికినే అడుగుద్ది.”

“సరే, నువ్వెందుకు రావో చెప్పు. భయమా?”

“భయమేటి? నవ్వకూడదు మరి. కోళ్లున్నాయి. మా ఆయన పొలానికెల్తే కోడిపిల్లల్ని గద్ద తన్నుకుపోద్ది.”

“అయ్యో, భయం గురించి ఇన్ని ప్రశ్నలు రాసుకొచ్చాను, కోళ్ల గురించి ఒక్కటీ లేదు! మీ అత్తకి అప్పజెప్పొచ్చుగా?”

“ఆవిడా? కూరొండీసుద్ది.”

“పోనీ నాకప్పజెప్పు. నెల్లాళ్లు ఈ ఊళ్లోనే ఉంటాను.”

“నీకు కోళ్లు సూడ్డం వచ్చా?”

“రాదు. నేర్పు.”

“పొద్దున్న నూకలెయ్యాల. సీకటి పడకముందే గంప కింద మూసీయాల. అత్త అడిగితే ఇయ్యకూడదు.”

“ఇవ్వను. జీపు బయల్దేరుతోందక్కా!”

“బేగి ఆపు దాన్ని! బట్టల మూట తెచ్చుకుంటాను.”

డ్రైవరు ముందు సీటు ఖాళీ చేయించాడు. జీపు కదిలినా ఆమె మెడ బయటికి చాచి అరుస్తూనే ఉంది.

“ఎర్రపెట్ట పొదుగుతోంది! దాన్ని మాత్రం కదపకు!”