కోటు మీది వెండి పిన్ను

ఇలా ఈ బెంచీ మీద కూర్చో అమ్మాయ్, కాస్త ఊపిరి తీసుకోనీ. మెట్ల వల్ల కాదులే, నాకేం, ఎనభై మూడేగా. కింద గుమ్మం దగ్గరావిడ నా చేతికర్ర పుచ్చేసుకుంది చూశావా, అదీ. "బొమ్మలకి తగులుతుంది తాతగారూ, ఇక్కడ పెట్టి వెళ్ళండి" అని ఎంత తియ్యగా చెప్పిందో! తియ్యగా మాట్లాడేవాళ్ళని నేను నమ్మను. పైగా పుస్తకంలో పేరు రాయమన్నారు, ఇంటి అడ్రసు రాయమన్నారు, వచ్చిన టైము వేసి సంతకం పెట్టమన్నారు. ఎందుకటా అన్ని వివరాలు? రేపు ఇక్కడ ఏదైనా పోతే తిన్నగా మనింటికే వస్తారు. నవ్వకు. పాత తపాలా ఆఫీసుకి సున్నం కొట్టి మ్యూజియం అని బోర్డు తగిలిస్తే సరా? కింద గదిలో అద్దాల పెట్టెలో బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉందే, దానికి చీటీ ఏం పెట్టారో చదివావా? "నూరేళ్ళ నాటి దర్జీల ఇస్త్రీపెట్టె" అట. నూరేళ్ళా నా మొహమా! అలాంటిదాంతో మీ నాన్న పెళ్ళి చొక్కా ఇస్త్రీ చేశాను నేను. పిడి కూడా వెనకది ముందుకి తిప్పి బిగించారు. ఇస్త్రీపెట్టెకి పిడి ఎటు ఉంటుందో తెలీనివాళ్ళు చెప్పే చరిత్ర ఎంత నిజమో నువ్వే ఆలోచించుకో.

ఆఁ, అదే చెప్పబోతున్నా, తొందరపెట్టకు. ఆ గోడమీది రంగుల బొమ్మలో మనిషి నాకు తెలుసు. బడి సామాన్ల గదిలో బీరువా వెనకాల దొరికిందట, పాతకాలం వాళ్ళెవరైనా గుర్తుపడతారేమోనని పిలుస్తున్నారట, నువ్వేమో పెదనాన్నకి తెలియనివాళ్ళు లేరని నన్ను పట్టుకొచ్చావు. ఏం రాశారూ? "గుర్తు తెలియని ప్రముఖుడు. చారల కోటు. మెడపట్టీ మీద వెండి పిన్ను, బహుశా హోదా చిహ్నం." ప్రముఖుడట, ప్రముఖుడు! వాడు ఇక్కడి బడిలో డ్రాయింగు మాస్టారు. యాభై ఆరేళ్ళ కిందట నా కొట్లోంచి కోటు ఎత్తుకుపోయాడని నేను వీధి వీధికీ చెప్పి వెళ్ళగొట్టిన మనిషి. నువ్వు పుట్టలేదు, మీ నాన్నకప్పుడు మీసాలు కూడా రాలేదు. ఆ కోటే అది. నా చేత్తో కత్తిరించిన గుడ్డని నేను గుర్తుపట్టనా? గది అవతల్నుంచే చూసి "దొరికాడ్రా దొంగ" అనుకున్నాను. పైకే అన్నానా? అందుకా ఆ కుర్రజంట అటు జరిగిపోయింది!

అసలేం జరిగిందంటే, కలప డిపో యజమాని ఉండేవాడు. మనిషి ధాన్యం బస్తా, పొట్ట ముందు నడిస్తే తను వెనకాల నడిచేవాడు. ఆయనకి ఏదో సన్మానం, కాఫీ రంగు ఉన్ని గుడ్డ ఎక్కడినుంచో తెప్పించి కోటు కుట్టమని నాకిచ్చాడు. ఈ వీధిలో నలుగురు దర్జీలుంటే నాకే ఇచ్చాడు, అదీ గొప్ప. కత్తిరించి, కచ్చా కుట్లు వేసి ఉంచాను. అదే, కొలత సరిపోయిందో లేదో ఒంటి మీద చూడ్డానికి తెల్లదారంతో పొడుగ్గా వేస్తాం, తర్వాత పీకేస్తాం. ఈలోగా గుడ్డల కోసం పట్నం వెళ్ళాల్సొచ్చింది, మూడు రోజులు. కొట్టు తాళం మీ అత్తకిచ్చాను. మా కొట్లో కాజాలన్నీ మీ అత్తే కుట్టేది, దానికప్పుడు ఇరవై రెండు. తిరిగొచ్చేసరికి కొట్లో చెక్కబొమ్మకి తొడిగిన కోటు లేదు! "ఏదే?" అంటే "నాకేం తెలుసు అన్నయ్యా" అంది. నలుగురూ వచ్చిపోయే కొట్టు, వెనక్కి తిరిగినప్పుడు ఎవరో పట్టుకుపోయి ఉంటారంది. డిపో యజమాని వీధిలో నిలబడి నన్ను తిట్టిన తిట్లు... వద్దులే. ఆ డ్రాయింగు మాస్టారు మా కొట్టు బోర్డు రాసినప్పట్నుంచీ సాయంకాలం వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. ఆ కోటు మెడపట్టీ రెండువేళ్ళతో పట్టుకుని "ఎంత మెత్తగా ఉందండీ" అన్నాడు ఒకరోజు. ఇంకేం కావాలి? నిప్పు లేనిదే పొగ రాదనుకున్నాను. బడికి వెళ్ళాను, హెడ్మాస్టరు ముందు నిలబెట్టాను. చెరుకుగడలాంటి మనిషి, వేళ్ళ నిండా సుద్దముక్కల పొడి. మెల్లిగా ఏమన్నాడంటే, "నేను తియ్యలేదండీ. ఇంతకుమించి చెప్పలేను." చూశావా! తియ్యనివాడు ఎందుకు చెప్పలేడు? దొంగ మాట దొంగే చెప్తాడనుకున్నాను. వారం తిరక్కుండా ఉద్యోగం పోయింది, పెట్టె సర్దుకుని ఎటో వెళ్ళిపోయాడు. ఎటు వెళ్ళాడో, తిన్నాడో పస్తున్నాడో, ఇప్పటికీ ఎవరికీ తెలీదు. మీ అత్త ఒక్కసారే నోరు విప్పింది, "ఆయన అలాంటివాడు కాదన్నయ్యా" అని. "నీకెలా తెలుసే?" అన్నాను నేను, ఇలా కళ్ళు పెద్దవి చేసి. అంతే. ఆ తర్వాత దాన్ని ఏమడిగినా ఒకటే మాట కదా, మీరంతా చిన్నప్పుడు ఆటపట్టించేవాళ్ళు! వానొస్తుందా అత్తా అంటే నాకేం తెలుసు, టైమెంతయింది అంటే నాకేం తెలుసు, గోడ గడియారం ముందు కూర్చుని.

సరే, దగ్గరికి వెళ్ళి చూశాను. చూడకపోతే పోయేది. ముందు జేబు. కోటుకి పైజేబు ఎప్పుడూ ఎడమవైపే కదా, ఆ బొమ్మలో కుడివైపుంది. అంటే అద్దంలో చూసుకుంటూ తన బొమ్మ తనే వేసుకున్నాడు. ఏ అద్దం? వెనకాల మూల కిటికీ చూశావా, మూడో ఊచ వంకర? నా కొట్టు కిటికీ అది. ట్రయల్ చూసుకునే నిలువుటద్దం ముందే కూర్చున్నాడన్నమాట, నా స్టూలు మీద! నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక ఆ చారలు. చారలెక్కడివి, అవి కచ్చా కుట్లు. పీకకుండానే తొడుక్కున్నాడు. అయితే నా కుట్లు కావవి. నేను బెత్తెడు పొడుగున వేస్తాను, ఇవి బియ్యపుగింజంత, దగ్గర దగ్గరగా. భుజాల దగ్గర, నడుం దగ్గర లోపలికి పట్టేసి వేసినవి. బస్తాలాంటి మనిషికి కత్తిరించిన కోటు ఆ చెరుకుగడకి అతికినట్టు ఎలా సరిపోయింది అమ్మాయ్? ఎవరో పక్కన కూర్చుని, ఒంటిమీదుండగానే, కొలిచి కొలిచి కుట్టారు. అలా కుట్టేవాళ్ళు మా కొట్లో ఒక్కళ్ళే. ఇక వెండి పిన్నట! అది సూది. దారం జారిపోకుండా ఎనిమిది అంకెలా చుట్టి, చేతిలో ఏ గుడ్డ ఉంటే దాని మెడపట్టీకి గుచ్చి లేవడం మీ అత్తకి అలవాటు. ఎన్నిసార్లు తిట్టానో, ఒకసారి పోస్టుమాస్టరు మెడకి గుచ్చుకుని ఆయన కొట్లో గంతేశాడు కూడా. ఆ ఎనిమిది అంకె చుట్టుతో సహా వేశాడు మహానుభావుడు. కోటు చేతి అంచున ఆకుపచ్చ మరకుంది, బొమ్మ పాడైందంటోంది ఈ మ్యూజియం పిల్ల. పాడవలేదు. మరక కోటు మడతతోపాటు వంగింది, అంటే రంగు కోటు మీద పడింది, కనబడింది కనబడినట్టు వేశాడు. ఉన్ని మీద నూనెరంగు పడితే ఏ దేవుడూ వదిలించలేడు. ఇక దాన్ని తెచ్చి నాకెలా చూపిస్తుంది? మూసిన కొట్లో పరాయి మగవాడితో మూడు రోజులు అంటే నేనేం చేసి ఉండేవాణ్ణో నాకే తెలుసు. కాలు విరగ్గొట్టేవాణ్ణి. ఆ సంగతి దానికీ తెలుసు, ఆయనకీ తెలుసు.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనేపాటి? మీ అత్త కుట్టుమిషను ముందు స్టూలు మీద మెత్త ఉండేది చూడు, పూలగుడ్డ గలేబుది, అది పోయాక మిషనుతోపాటు నువ్వే మీ ఇంటికి పట్టుకెళ్ళావు. రాయిలా ఉంటుంది, కొత్త దూది పెట్టించుకోవే అంటే చచ్చినా ఒప్పుకునేది కాదు. నలభై ఏళ్ళు దానిమీదే కూర్చుంది, నాకు ఎదురుగా, ఇంత దూరంలో. అందులో ఉన్నది దూది కాదు, కాఫీ రంగు ఉన్ని అని ఇప్పుడు నా అనుమానం. వద్దు. విప్పకు. నా మాట విను, బ్లేడు పెట్టకు దానికి. ఒక్కసారి అనుమానించి ఇద్దరి బతుకు కాల్చాను, చాలు. ఇప్పుడా మనిషి కాళ్ళు పట్టుకుందామన్నా ఎక్కడున్నాడని? నాకు కళ్ళజోడు తుడుచుకునే గుడ్డ ఏదైనా ఇవ్వు.

అదిగో ఆ మ్యూజియం పిల్లే వస్తోంది, కాగితం పట్టుకుని. రామ్మా. ఆఁ, చూశాను. రేపు ఈ బొమ్మల వివరాల పుస్తకం అచ్చుకి వెళ్తోందా? అయితే రాసుకో. ప్రముఖుడు గిముఖుడు తీసెయ్యి. ఇక్కడి బడిలో డ్రాయింగు మాస్టారు ఆయన, పేరు బడి పాత రిజిస్టర్లో చూసుకోండి, నేను ముందు మాస్టారనీ తర్వాత దొంగనీ తప్ప ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. బొమ్మ వేసింది కూడా ఆయనే. చారలు కాదు, కచ్చా కుట్లు. దొంగ కాదని కూడా రాయి. అలా రాయకూడదా? ఎందుకు రాయకూడదు, అన్నవాణ్ణి నేనే, తప్పని చెప్తున్నదీ నేనే, కావాలంటే కింద సంతకం పెడతాను, ఇందాక పుస్తకంలో పెట్టించుకోలేదూ? ఆ, అది పిన్ను కాదమ్మా, సూది. దర్జీ సూది. ఎవరిదా?

నాకేం తెలుసు.

అమ్మాయ్, లే, నా కర్ర ఏదీ? గుమ్మం దగ్గర పెట్టమన్నారు, ఉందో లేదో.