విదేశంలో మోగిన అలారం

విదేశం వెళ్ళిన సైరన్ తిరిగొచ్చాడన్న కబురు టీ వేళ కాకముందే ఫ్యాక్టరీ అంతా పాకిపోయింది. సైరన్ అంటే వాళ్ళ సేల్స్ ఆయన. గొంతుని బట్టి వచ్చిన పేరు. వాళ్ళు తయారుచేసే, దొంగల్ని పట్టించే అలారాలు పట్టుకుని, ఎగుమతులకి దారి దొరుకుతుందేమోనని మూడు రోజుల ప్రదర్శనకి వెళ్ళాడు. అక్కడ గిరాకీ దొరికితే సరే, లేకపోతే వచ్చే నెల నుంచి సగం మందికి పని ఉండదని ఓనరు ముందే చెప్పేశాడు. అందుకే గేటు పక్క టీ కొట్టు దగ్గర ఆ పూట నిలబడ్డానికి చోటు లేదు.

ప్యాకింగ్ అక్క గ్లాసు పట్టుకుని గోడకి ఆనుకుంది. సైరన్ కోతలు ఆమెకి కొత్త కాదు. అయినా ఈ ఒక్కసారికి నిజం కాకూడదా అని లోపల ఆశ.

"మనకిచ్చిన స్టాలు ఎక్కడనుకున్నారు? మూలన, బాత్రూముల పక్కన!" అని మొదలుపెట్టాడు సైరన్. "సరే పోనీలే అని మన పీసు బల్ల మీద పెట్టానో లేదో, ఒకడు పక్క స్టాలాయన జేబులో చెయ్యి పెట్టాడు. కుయ్ మంది! వాణ్ణి అక్కడికక్కడే పట్టుకున్నారు."

"భలే!" అన్నాడు టీ బాబాయి.

"అది ఏపాటి! మధ్యాహ్నం మళ్ళీ మోగింది. చూస్తే ఎవడూ ఏమీ తియ్యలేదు. ఎర్రచొక్కావాడొకడు తలుపు దగ్గర బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. అడిగితే, 'ఇంకా తియ్యలేదండీ, తీద్దామనుకున్నానంతే' అని బావురుమన్నాడు."

"అనుకుంటే మోగుతుందా అన్నా?" సోల్డరింగ్ చేసే కుర్రాడు నోరెళ్ళబెట్టాడు. ఆ తీగలు అతికింది అతనే మరి.

"నీ చేతి మహిమ తమ్ముడూ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో రోజు ఊళ్ళో దొంగలంతా మన స్టాలు ముందు వరస కట్టారు. కొనడానికి కాదు, లొంగిపోవడానికి! పోలీసులు టోకెన్లు పంచారు. నూట పన్నెండో టోకెన్‌వాడు నన్ను పట్టుకుని, 'సార్, మా బావమరిది పక్క ఊళ్ళో ఉన్నాడు, రేపు రమ్మంటారా' అని అడిగాడు."

కొట్టంతా గొల్లుమంది. అక్క కూడా పగలబడి నవ్వింది. వద్దనుకుంటూనే ఆ వరసని కళ్ళారా చూసేస్తోంది.

"మూడో రోజుకి జైలు నిండిపోయి, తర్వాత ఖాళీ అయిపోయింది."

"నిండింది ఖాళీ ఎలా అయింది?"

"అందరూ బుద్ధిమంతులైపోతే ఎవర్ని ఉంచుతారు బాబాయీ? గేటుకి 'అద్దెకి ఇవ్వబడును' అని బోర్డు పెట్టారు. ఇది నా కళ్ళతో చూశాను! అప్పుడా దేశపు పెద్దాఫీసరు పరిగెత్తుకొచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, 'నెలకి పదివేల పీసులు, ఎంతకాలమైనా సరే' అన్నాడు. పదివేలు! రెండు షిఫ్టులు కాదు, మూడు షిఫ్టులు నడవాలి మనం!"

ఈలలు, చప్పట్లు. సోల్డరింగ్ కుర్రాడి మొహం వెలిగిపోయింది. జేబులోంచి ఫోను తీశాడు. "పంపుసెట్ల ఫ్యాక్టరీ వాళ్ళు ఉద్యోగానికి రమ్మన్నారక్కా. ఈ పూట చెప్పకపోతే వేరేవాళ్ళని తీసుకుంటారట. రానని చెప్పేస్తా."

అక్క నవ్వు ఆగిపోయింది. వాడికి ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు.

"ఆగు, అప్పుడే ఫోను చెయ్యకు" అని సైరన్ వైపు తిరిగింది. "తమ్ముడూ, ఆ అలారం దేంతో మోగింది?"

"బ్యాటరీతో! ఇంకేంతో మోగుతుందక్కా?"

"విమానంలో ఒప్పుకోరని బ్యాటరీలన్నీ ఊడదీసి విడిగా పార్సెల్ చేసింది నేనే. ఆ పార్సెల్ సరిహద్దు దాటలేదు. పొద్దున తిరిగొచ్చి నా బల్ల మీదే ఉంది. ఆ సైజు అక్కడ దొరకదని నువ్వే కదా ఫోన్లో మొత్తుకున్నావు?"

సైరన్ గ్లాసు పక్కన పెట్టి బెంచీ మీద కూలబడ్డాడు.

"ఆర్డరు సంగతి చెప్పు" అంది అక్క మెల్లగా.

"లేదక్కా." ఆ గొంతు అంత చిన్నదిగా ఎవరూ ఎప్పుడూ వినలేదు. "మోగని అలారం ఎవరు కొంటారు? ఒక తాళాల కొట్టాయన మాత్రం, మోగేది పంపితే చూస్తానని కార్డిచ్చాడు. అంతే."

సోల్డరింగ్ కుర్రాడు పంపుసెట్ల ఫ్యాక్టరీ నంబరు నొక్కాడు. "సార్, సోమవారం చేరిపోతానండి" అన్నాడు.

సైరన్ లేచి, వాడి భుజం తట్టి, రెండడుగులు వేసి, ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు.

"అయినా అక్కా, బ్యాటరీ లేకుండానే జైలు ఖాళీ అయిందంటే, ఉండుంటే ఏమయ్యేదో ఒక్కసారి ఆలోచించు!"

ముందుగా నవ్వింది సోల్డరింగ్ కుర్రాడే.