మరిగించిన ట్యూబ్

తార్నాక వైపు గేటు నుంచి క్యాంపస్‌లోకి వస్తే పాత సైన్సు భవనం. అందులో రెండో అంతస్తు ల్యాబ్‌లో అరుంధతి అయిదేళ్లుగా ఒకే ఒక్క ప్రోటీన్‌ను పట్టుకుని కూర్చుంది. ఈ మధ్యాహ్నం దాని బతుకు సంగతి జూనియర్ దివాకర్ నోట్లో ఉంది, వాడేమో చాయ్ తాగొద్దాం పద అంటున్నాడు.

"చాయ్ సంగతి తర్వాత చూద్దాం. తెల్లకణాల ప్లేట్ మిషన్‌ల పెట్టి చదివినవా లేదా?"

"చదివిన అక్కా."

"మరి?"

"మన మిషన్ మొరాయించింది. పక్క ల్యాబ్‌ల పద్మశ్రీ వాళ్ల దగ్గరికి తీస్కపోయి..."

"మిషన్ గురించి అడగలే దివాకర్. ఏమొచ్చింది?"

"పొద్దుగాల ఏమన్న తిన్నవా నువ్వు?"

"ఏందిరా, ఆస్పత్రిల డాక్టర్ లెక్క మాట్లాడుతున్నవ్. పేపర్ తిప్పి పంపాల్సింది ఇయ్యాల్నే. జర్నల్ వాళ్లు అడిగింది ఒక్కటే, ప్రోటీన్‌ను మరిగించి చూడండి అన్నరు. మరిగిస్తే ప్రోటీన్ చస్తది, లేపేటిది లేక తెల్లకణాలు సప్పుడు చేయకుండ పడుంటయ్. పడున్నయా?"

"లేచినయ్."

"మామూలు ట్యూబ్‌కు లేస్తయ్, నాకు తెలుసు. మరిగించిన దానికి?"

"రెంటికీ లేచినయ్ అక్కా."

"ట్యూబ్‌లు అటుఇటు అయినయ్."

"కాలే."

"నీకెట్ల తెలుసు? మీద నంబర్లే కద ఉండేది. ఎవరి ప్రోటీన్ వాళ్లు పరీక్ష చేసుకోవద్దని పేరు లేకుండ పక్కోళ్లకిస్తం. నువ్వు నంబర్ తప్పు చూసినవ్."

"నేను గూడ గట్లనే అనుకున్న. మళ్ల చేసిన. మళ్ల గదే వచ్చింది. కూసో అక్కా, జర కూసో."

"కూసోను. అంటే కణాలను లేపింది నా ప్రోటీన్ కాదు."

"గట్ల ఒక్కసారే అనకు."

"ఇంకెట్లంటరు? మనిషి జీన్ తీసి బ్యాక్టీరియాల పెట్టి దాంతోని ఈ ప్రోటీన్, కణాలను లేపే సైటోకైన్, చేయించిన. దాని వెంబడే బ్యాక్టీరియా మురికి గూడ వచ్చింది. మరిగిస్తే ప్రోటీన్ చస్తది గని ఆ మురికి చావదు. అయిదేండ్లు మురికిని చూసుకుంట మురిసిపోయిన."

"వడగట్టినవ్ కద. మురికిని పట్టుకునే కాలమ్‌ల పోసి..."

"వడగట్టిన. కొత్త కాలమ్ వచ్చేదాక ఎవరాగుతరని పాతదాన్నే కడిగి కడిగి వాడిన. గీడ అందరం చేసేది గదే. చాయ్ జాలి లెక్క దులిపి మళ్ల పెడ్తం. అరిగిపోయిందేమో అని ఒక్కనాడు అనుమానం రాలే నాకు."

"ఒక మాట చెప్త, కోపం చేయకు."

"చెప్పు."

"కొత్త కాలమ్ తెప్పించి తర్వాత మంచిగ చేద్దాం. ఇప్పటికైతే, మరిగించిన దానికి కణాలు లేవలేదని రాసెయ్."

"ఏమన్నవ్?"

"ప్లేట్ నేను చదివిన, నేనే పారేస్త. ఎవ్వరికీ తెల్వది."

"నీకేమైందిరా? రేపు ఇంకెవరో నా పేపర్ నమ్మి, కీళ్లవాతం పేషెంట్ల రక్తం తీసి గిదే చేస్తరు. వాళ్ల కణాలను గూడ మురికే లేపుతది."

"నీ థీసిస్ మొత్తం దాని మీదనే ఉన్నది. ఫెలోషిప్ గూడ అయిపోయె. మన సీనియర్ ముఖేషన్నను చూసినవ్ కద, పీహెచ్‌డీ నడిమిట్ల విడిచిపెట్టి రామంతాపూర్‌ల ట్యూషన్లు చెప్తుండు."

"తెలుసురా. భయమైతలేదా నాకు? గని అబద్ధం మీద డాక్టర్ అని పేరు పెట్టుకోలేను. గైడ్ సార్ దగ్గరికి పోతున్న."

"సార్ లేడు."

"కారు కిందనే ఉన్నది."

"మీటింగ్‌ల ఉన్నడు."

"రూమ్ తలుపు తీసే ఉన్నది, గీడికే కనవడ్తున్నది. ఒక్కడే కూసున్నడు."

"సాయంత్రం పో అక్కా. ఇప్పుడు మూడ్ మంచిగ లేదు."

"నీకెవరు చెప్పిన్రు? తలుపుకు అడ్డం నిలబడ్డవేంది, జరుగు."

"దండం పెడ్త, పోకు."

"తిడ్తే తిట్టనీయ్. వీరస్వామి సార్ ఎసొంటి మనిషో నాకు తెలుసు. నిజం చెప్తే ఇంకో ఏడాది ఇప్పిస్తడు, దగ్గరుండి మళ్ల చేయిస్తడు. తప్పు నాదైతే నీకెందుకురా గంత భయం?"

"పొద్దుగాలే ప్లేట్ చూపించిన అక్కా. నీతోని గట్ల రాయించుకొని రమ్మని నన్ను పంపిందే సారు."